మణెమ్మ చెలకలో సేజ్

పాన్‌గల్,
9 జూన్ 2024

అత్తకు పావని నమస్కారాలు.

ఫోన్ చేస్తే "ఆఁ? ఎవరూ? జర గట్టిగ చెప్పు" అనడమే తప్ప నీకు ఒక్క ముక్క వినిపించడం లేదు. పోయినసారి నాకు జ్వరం పోయిందని చెబితే, ఎవరో పోయారనుకుని నువ్వు ఏడుపు అందుకున్నావు. పక్కింటివాళ్ళు పరుగెత్తుకొచ్చారని తర్వాత తెలిసింది. అందుకే ఇకమీదట నీతో ఏ మాటైనా కాగితం మీదే. నాకు అక్షరాలు దిద్దించింది నువ్వే కాబట్టి తప్పులుంటే నీదే బాధ్యత.

నేను హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి వచ్చానని నీకు తెలుసు కదా. మళ్ళీ పోను. ఇక్కడే ఉండి సేజ్ పెడదామనుకుంటున్నాను. గుట్ట కింద నీకు పసుపు కుంకుమల కింద ఇచ్చిన చెలక దానికి సరిగ్గా సరిపోతుంది. ఎర్రనేల, నీళ్ళు నిలవవు. హైదరాబాద్ నుంచి సారు ఒకాయన వచ్చి చూసిపోయాడు. రోడ్డు పక్కనే ఉంది, బండి నేరుగా వస్తుంది, ఎంతైనా మేమే తీసుకుంటాం అన్నాడు. ముందు చిన్నగా మొదలుపెట్టి, కుదిరితే పక్కవాళ్ళ చెలకలు కూడా అడుగుతాం. సేజ్ నిలదొక్కుకుంటే ఊళ్ళో నలుగురు ఆడవాళ్ళకు పని దొరుకుతుంది.

నాయిన ఒప్పుకున్నాడు. ఈ ఏడాది అందులో కంది వెయ్యడు. నీ మాట కూడా కావాలి కాబట్టి రాస్తున్నాను. వానలు పడేలోపు జవాబు రాయి.

మోకాళ్ళ నొప్పికి నూనె రాస్తున్నావా? రాయవని తెలుసు, అయినా అడుగుతున్నాను.

నీ మేనకోడలు,
పావని


మానవపాడు,
11 జులై 2024

పావనికి,

ఈసారి ఆశీస్సులు ఇవ్వడం లేదు. ముందు ఈ ఉత్తరం చదువు.

నేను ఊళ్ళో లేను. మా ఆడపడుచు యమునకు ఒంట్లో బాగాలేకపోతే పోయి, అక్కడే ఉండి నిన్న వచ్చాను. తలుపు తీయగానే గడప లోపల నీ ఉత్తరం. సంచి కింద పెట్టకుండానే చదివాను. చదివాక సంచి ఎక్కడ పెట్టానో ఇప్పటికీ దొరకలేదు.

సేజ్ అంటే ఏమిటో నాకు చెప్పకు. యమున ఇంట్లో రోజూ చూసి వచ్చాను. హైవే పక్కన వాళ్ళ భూమి కంపెనీలకని సేజ్ కిందనే పోయింది. అప్పుడూ ఒక సారు వచ్చాడు. అప్పుడూ రోడ్డు పక్కనే ఉంది, బండి నేరుగా వస్తుంది అన్నాడు. అప్పుడూ నలుగురికి పని దొరుకుతుంది అన్నారు. దొరికింది. యమున ఇప్పుడు ఆ గోడ లోపల చీపురు పట్టుకుని ఊడుస్తుంది. తన కంది చేను ఉన్నచోట లారీలు కడుగుతారట. "ఊడ్సుకుంట పోయి గాడికొచ్చినంక చెయ్యి ఆడదు వదినా" అంది. జ్వరంతో పడుకుని ఆ మాట అంది. అది విని వచ్చి నీ ఉత్తరం చదివాను.

మీ నాయిన ఒప్పుకున్నాడా? భలే! నీకు సిగ్గు లేదు సరే, వాడికి ఏమైంది? "పక్కవాళ్ళ చెలకలు కూడా అడుగుతాం" అని రాశావు. ఆ కంపెనీ వాళ్ళ దగ్గర ఏం తిన్నారు మీ తండ్రీ కూతుళ్ళు? చిన్నప్పుడు నిన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని 'భ' గుణింతం దిద్దించాను. భూమి అని రాయడం నేర్పింది దాన్ని అమ్మిపెట్టడానికా?

నేను సంతకం పెట్టను. కలెక్టరు వచ్చి కూర్చున్నా పెట్టను. బీడుగా కనపడితేనే ముందు రాసుకుని పోతారని యమున చెప్పింది. అందుకే ఉత్తరం చదివిన వెంటనే మన మందల సాయన్నకు మనిషితో కబురు పంపాను. ఎరువుకు మంద పెట్టమన్నాను. గొర్రెలను నాలుగు రోజులు ఆపి, వెంటనే దున్నించి కంది వేయిస్తాను. సాగు చేస్తున్న భూమిలో ఎవడు రాయి పాతుతాడో చూస్తాను.

నా నొప్పుల సంగతి అడగకు.

మణెమ్మ


పాన్‌గల్,
15 జులై 2024

అత్తకు,

నమస్కారం పెట్టే ఓపిక నాకూ లేదు.

నీ ఉత్తరం ఈ రోజు వచ్చింది. నీ గొర్రెలు మొన్ననే వచ్చాయి.

సేజ్ అంటే కంపెనీ కాదు. మొక్క! ఇంకోసారి రాస్తాను, కళ్ళద్దాలు తుడుచుకుని చదువు. మొక్క. పైనాపిల్ సేజ్ అంటారు. తులసి లాంటిదే. ఆకు నలిపితే అనాసపండు వాసన వస్తుంది. చలికాలంలో సన్నటి గొట్టాల్లా ఎర్రటి పూలు పూస్తుంది. ఆకు చాయ్‌లో వేసుకుంటారు, షర్బత్‌లో వేసుకుంటారు. పువ్వు పచ్చిగానే తినవచ్చు. అందం కోసం కుండీలో పెంచుకునేవాళ్ళున్నారు, తినడానికి పెంచుకునేవాళ్ళున్నారు. చెలక చూడ్డానికి వచ్చిన సారు నేను పనిచేసిన హోటల్లో వంట సారు. "మేమే తీసుకుంటాం" అన్నది పూలను, ఆకును. నీ భూమిని కాదు!

ఎండాకాలమంతా వాటిని ఇంటి వెనక పచ్చవల కింద బతికించాను. కొమ్మ కోసి, కింది ఆకులు గిల్లి, నీళ్ళలో పెట్టి వేర్లు తెప్పించాను. మధ్యాహ్నం ఎండ తగిలితే వాలిపోతాయి. అలాగని నీళ్ళు ఎక్కువైతే వేరు కుళ్ళుతుంది. రోజూ పొద్దున్నే మట్టిలో వేలు పెట్టి చూసి, ఆరితేనే పోసేదాన్ని. గుబురుగా రావడానికి కొసలు గిల్లుతూ వచ్చాను. "బిడ్డను సాదినట్టు సాదుతున్నవు" అని నాయిన నవ్వేవాడు. మంచి వాన పడింది, నీ జవాబు రాలేదు. ఇంక ఆగితే మొక్కలు పాడవుతాయని నాటేశాను. చుట్టూ వల కట్టి, తడక తలుపు పెట్టాను. అందరం పెళ్ళికి అమరచింత పోయాం. తెల్లవారి వచ్చి చూస్తే చెలక నిండా గొర్రెలు.

సాయన్నను పట్టుకుని అరిచాను. ఆయన తాపీగా తువ్వాల దులిపి, "నామీద ఒర్రకు బిడ్డా. భూమి మణెమ్మక్కది, కబురు మణెమ్మక్కది. మంద పెట్టుమన్నది, పెట్టిన. తడక గూడ ఇరగ్గొట్టలే, తీసి పక్కకు పెట్టిన. గొర్లు నీ చెట్లకు మూతి గూడ పెట్టలే, వాసన సూసి తుమ్మినయి" అన్నాడు.

నిజమే. తినలేదు, తొక్కాయి. ఆ మొక్క కొమ్మ గాజు లాంటిది, చీర కొంగు తగిలినా విరుగుతుంది. అంత మంద తిరిగితే ఇంకేం మిగులుతుంది? చలికాలానికి పూలు ఇస్తానని ఆ సారుకు మాట ఇచ్చాను. ఇప్పుడు ఆయనకు ఏమని చెప్పను, మా అత్త నా మొక్కలను ఫ్యాక్టరీ అనుకుని గొర్రెలతో తొక్కించిందని చెప్పనా?

కంపెనీ దగ్గర ఏం తిన్నారు అని అడిగావు. ఆ ఒక్క మాట చాలు. మొక్కలు పోయినందుకు కాదు, ఆ మాటకే ఏడ్చాను.

పావని


మానవపాడు,
20 జులై 2024

పావనికి,

సరే, మొక్కే. నేను పొరబడ్డాను. కంపెనీ దగ్గర తిన్నారన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. పక్కింటివాళ్ళతో యమునకు ఫోన్‌లో చెప్పిస్తే ఆమె నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకుందట.

ఇంక నా కోపం సంగతి విను. నేను పొరబడ్డానని అది పోయిందనుకుంటున్నావేమో, పోలేదు.

మొదటిది, తెలుగులో రాయడానికి నీకు ఏమొచ్చింది? అనాస తులసి పెడతాను అని రాస్తే నేనేమన్నా గొర్రెలను పంపుతానా? ఒక పువ్వు గురించి రాస్తూ పువ్వు అన్న మాటే లేదు ఆ ఉత్తరంలో! సారు, రోడ్డు, బండి, పని. నువ్వే ఇంకోసారి చదువుకో.

రెండోది అసలు సంగతి. మొక్కే కానీ, మాణిక్యమే కానీ, నా జవాబు రాకముందు ఎందుకు నాటావు? "నీ మాట కూడా కావాలి" అన్నావు. కావాలన్నదానివి ఆగలేదేం? జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టేనని నీకు ఎవరు చెప్పారు? యమున వాళ్ళకు కూడా ముందు కాగితమే వచ్చింది. జవాబు రాసేలోపు రాళ్ళు పాతారు. అడిగాం కదమ్మా అన్నారు. నువ్వు రాళ్ళు పాతలేదు, వల కట్టావు. నా చెలకకు తడక తలుపు పెట్టావు, నాకు తెలియకుండా.

మంద పెట్టించేటప్పుడు నన్ను అడిగావా అని నువ్వు అనబోతావు. నీ నోరు నాకు తెలుసు. నా భూమిలో నేను మంద పెట్టించుకోవడానికి నిన్ను ఎందుకు అడగాలి?

మొక్కలు పోయినందుకు బాధగానే ఉంది. అది వేరే లెక్క. దాన్ని దీంతో కలపకు.

అత్త


పాన్‌గల్,
2 ఆగస్టు 2024

అత్తకు,

నీ ఉత్తరానికి వెంటనే జవాబు రాస్తే చేతికి ఏ మాట వస్తే ఆ మాట రాసేదాన్నని ఇన్నాళ్ళు ఆగాను. ఆగినా కోపం తగ్గలేదు. కాబట్టి ఆగి ఏం లాభం లేదు.

ముందు మంచి మాట. విరిగిన కొమ్మలు పారెయ్యలేదు. పచ్చిగా ఉన్నవన్నీ ఏరుకొచ్చి నీళ్ళలో పెట్టాను. గ్లాసులు, చెంబులు, పచ్చడి సీసాలు, నాయిన చాయ్ తాగే కప్పు కూడా. రోజు విడిచి రోజు నీళ్ళు మారుస్తున్నాను. మెల్లగా తెల్ల వేర్లు వస్తున్నాయి. ఇంట్లో నీళ్ళు తాగాలంటే దోసిలి పట్టాలి. "ఇల్లంత దవాఖాన లెక్క చేసినవు" అని నాయిన విసుక్కుంటున్నాడు.

ఇప్పుడు రెండో మాట. నేనూ ఆ కంపెనీవాళ్ళూ ఒకటేనా? అలా ఎలా రాయగలిగావు? నువ్వు ఊళ్ళో లేవని నాకు తెలుసా? నేను అసలు రాయకుండా కూడా నాటుకుని ఉండవచ్చు. ఎవరు అడ్డం వచ్చేవారు? నీకు రాస్తానంటే నాయిన ఏమన్నాడో తెలుసా? "అక్కను అడిగేదేంది బిడ్డా? అది పేరుకే ఆమెది. ఇన్నేండ్ల సంది దున్నేది నేను, ఇత్తేది నేను. పెట్టుకో పో" అన్నాడు. అయినా నేను నీకు రాశాను. మర్యాదకు రాసినందుకు నాకు దక్కింది ఇది.

ఇంత పట్టుదల ఉన్నదానివి ఇన్నాళ్ళు ఆ చెలక మొహం ఎందుకు చూడలేదు? నాకు అవసరం పడ్డప్పుడే నీకు అది నీదని గుర్తొచ్చిందా?

పావని


మానవపాడు,
9 ఆగస్టు 2024

పావనికి,

ఈ ఉత్తరం మీ నాయిన అన్నం తినేటప్పుడు ఆయన ముందు కూర్చుని గట్టిగా చదువు. లేచి పోనివ్వకు. చెవుడు నాకు, ఆయనకు కాదు.

తమ్ముడూ మద్దిలేటీ, పేరుకేనా?

నాయిన నన్ను అత్తారింటికి పంపేరోజు ఆ చెలక మట్టి పిడికెడు తీసి నా కొంగులో కట్టాడు. నువ్వు పక్కనే నిలబడి ముక్కు చీదుకుంటూ ఏడుస్తున్నావు. ఆ రోజు నుంచి ఈ రోజు దాకా, అక్కా ఈ ఏడాది అందులో ఏం వేద్దాం అని ఒక్కసారి అడిగావా? ఏటా కందుల మూట పంపావు. తమ్ముడు తలుచుకున్నాడని కళ్ళకద్దుకుని వండుకున్నాను. పప్పు ఉడికేటప్పుడు వీధిలో అందరికీ చెప్పేదాన్ని, మా తమ్ముడు పంపాడని. నా చేనులో పండినవే నాకు పంపుతూ ఆడబిడ్డకు సారె పెట్టినట్టు పంపావన్నమాట. నేను ఒట్టి పిచ్చిదాన్ని.

బత్తాయి చెట్లు పెట్టిస్తానని ఒకసారి అన్నాను. నీకు గుర్తుందో లేదో. నువ్వు నవ్వి, "నువ్వు అంగన్‌వాడీ పిల్లలకు గుడ్లు పంచు అక్కా, ఎవుసం మాకిడువు" అన్నావు. పక్కనున్నవాళ్ళు కూడా నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇప్పుడు గుర్తొస్తే నన్ను నేను కొట్టుకోవాలనిపిస్తుంది.

పావనీ, ఇది నీకు. ఇన్నాళ్ళు మొహం ఎందుకు చూడలేదన్నావు. చూసినప్పుడల్లా చుట్టంలా చూడాల్సి వచ్చింది కాబట్టి. గట్టు మీద నిలబడితే "ఎండకెందుకు అక్కా, ఇంటికి పోదాం పా" అనేవాడు మీ నాయిన. నా గట్టు మీది నుంచే నన్ను ఎండ అని పంపేశారు. అదీ సంగతి.

మర్యాదకు రాశానన్నావు. మర్యాద నాకొద్దు. శుభలేఖ పంపినట్టు పంపావు ఆ ఉత్తరం. వస్తే మంచిది, రాకపోతే పెళ్ళి ఆగదు.

ఇక నుంచి చెలక నేను చేయించుకుంటాను. సాయన్న చూసుకుంటాడు. ఆయనకు ఆ భూమి ఎవరిదో తెలుసు, మీ ఇద్దరికంటే నయం. మీ నాయిన నాగలి అందులో దిగకూడదు. నీ గ్లాసుల్లో వేర్లు వస్తున్నాయంటే సంతోషం. అవి మాత్రం నా గట్టు దాటి రాకూడదు.

మణెమ్మ


పాన్‌గల్,
4 మే 2025

అత్తకు నమస్కారాలు.

చాలా నెలలు రాయలేదు. రాయకూడదనే రాయలేదు. నువ్వు చెలకలో ఉలవలు విత్తించడానికి ఊళ్ళోకి వచ్చి, సాయన్న ఇంట్లో చాయ్ తాగి, మా వాకిలి ముందు నుంచే బస్టాండుకు పోయావు. నేను గేటు దగ్గర నిలబడి చూస్తూనే ఉన్నాను. నువ్వు తల తిప్పలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ ఉంది, ముందే చెబుతున్నాను.

నీ ఉత్తరం నువ్వు చెప్పినట్టే చదివాను. నాయిన చేతిలో ముద్ద అలాగే ఉంది. అంతా విని, "అక్కకు గింత కోపం ఉన్నదా? నాకు ఎన్నడన్న చెప్పిందా?" అన్నాడు. "నువ్వు ఎన్నడన్న అడిగినవా?" అన్నాను. నా మీద కూడా లేచాడు. వారం రోజులు నాతో మాట్లాడలేదు. కానీ ఆ తర్వాత నీ గట్టు తొక్కలేదు. ఎడ్లను కూడా చుట్టూ తిప్పి తోలుకుపోతాడు. అది పంతమో, తెలివి రావడమో నాకు తెలియదు. ఈ ఏడాది నీకు కందులు పంపాలా వద్దా అని తెగ పరేషాన్ అయి చివరికి పంపలేదు. "ఏమని పంపాలె?" అన్నాడు.

మొక్కల సంగతి. బకెట్లలో, పగిలిన కుండల్లో, సిమెంటు సంచుల్లో పెట్టాను. కార్తీకంలో చలి తగలగానే పూశాయి. వాకిలి నిండా ఎరుపు. తేనెపిట్టలు వచ్చి తలకిందులుగా వేలాడేవి. హోటల్ సారుకు చెప్పినంత ఇవ్వలేకపోయాను. చిరాకుపడ్డాడు, అయినా తీసుకున్నాడు, వచ్చే చలికాలానికి ఇంకా ఎక్కువ కావాలన్నాడు. ముదిరిన మొక్కలు కట్టెబారిపోయాయి కాబట్టి వాటి నుంచి మళ్ళీ కొమ్మలు కోసి కొత్తవి చేశాను. పచ్చవల కింద కాలు పెట్టడానికి చోటు లేదు. వానలు పడగానే ఇవి నేలలోకి పోవాలి. కుండల్లో ఇంకో ఏడాది బతకవు.

మొదటి ఉత్తరం నేను మళ్ళీ రాసుకున్నాను మనసులో. ఇప్పుడు కాగితం మీద రాస్తున్నాను. అత్తా, నీ చెలకలో నేను అనాస తులసి మొక్కలు నాటుకోవచ్చా? ఇవి కంపెనీ కాదు, పూల మొక్కలు. నీ పంటకు అడ్డం రాకుండా గట్టు వెంబడి అయినా సరే, మధ్యలో అయినా సరే, నువ్వు చెప్పినచోట. నీ జవాబు వచ్చేదాకా ఒక్క కొమ్మ నాటను. వాన పడినా నాటను. కుండల్లో ఎండిపోయినా నాటను. నువ్వు ఊళ్ళో లేకపోతే వచ్చేదాకా ఆగుతాను.

నాయినకు చెప్పలేదు ఈ ఉత్తరం రాస్తున్నట్టు. ఆయన ఒప్పుకోవాల్సింది ఏముంది ఇందులో?

నీ మేనకోడలు,
పావని


మానవపాడు,
7 మే 2025

పావనికి, మనసారా ఆశీస్సులు.

నీ ఉత్తరం ఇప్పుడే వచ్చింది. పోస్ట్‌మ్యాన్‌ను నిలబెట్టి, మంచినీళ్ళిచ్చి, జవాబు రాసి ఆయన చేతికే ఇస్తున్నాను. నువ్వు వానలో కూడా ఆగుతానన్నావు. నా మూలంగా నీ మొక్కలు రెండోసారి చావకూడదు. అందుకే ఈ తొందర.

వద్దు.

కోపంతో అనడం లేదు. కోపం ఉంది కానీ ఈ మాట దానిది కాదు. ఆ చెలకలో ఏం వేయాలని ఎవరైనా నన్ను అడిగి, నోరు మూసుకుని జవాబు కోసం కూర్చోవడం ఇదే మొదలు. పెళ్ళయిన నాటి నుంచి ఎవరూ కూర్చోలేదు. అడిగినదానివి నువ్వు కాబట్టి నీకు అబద్ధం చెప్పలేను. సరే అనడం నాకు చాలా తేలిక. జీవితమంతా అదే అన్నాను. ఇప్పుడు కూడా పెన్ను ఆ మాట మీదికే పోయింది, పట్టి ఆపాను.

ఈ ఏడాది అందులో ఏం వేస్తానో నాకు ఇంకా తెలియదు. కంది అనుకుంటాను, ఆముదం అనుకుంటాను, మళ్ళీ మార్చుకుంటాను. రాత్రి పడుకుని ఒక పంట వేస్తాను, పొద్దున లేచి పీకేస్తాను. ఈ వయసులో ఇంత సుఖం ఉంటుందని నాకు తెలియదు. ఇది ఎవరికీ ఇవ్వను. నీకు కూడా ఇవ్వను.

మీ నాయిన చెలకలో పత్తి తగ్గించి నీకు చోటు ఇవ్వమని అడుగు. ఆయన నవ్వితే నాకు రాయి, నేను వచ్చి ఆయన గడపలో కూర్చుంటాను. ఇచ్చాడా, నాటే రోజు చెప్పు. వంగలేను కానీ మంచం వేసుకుని కూర్చుని నాటు తప్పు నాటు తప్పు అని అరవగలను.

నీకు కోపం వస్తుంది. రానివ్వు. గేటు దగ్గర నిన్ను చూసి కూడా తల తిప్పకుండా పోయాను, దానికి కూడా కలిపి తిట్టుకో. కానీ వచ్చే ఏడు మళ్ళీ అడుగు. అప్పుడూ వద్దంటానేమో. అయినా అడుగు.

మీ అత్త,
మణెమ్మ